కడుపులో బిడ్డ కదలిక తగ్గిందా? ఇంట్లో మిషన్ పెట్టి వినకండి, బయలుదేరండి

ఏడో నెల దాటిన గర్భిణి ఉన్న ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక. బిడ్డ రోజూ తిరిగే తీరు మారి కదలిక తగ్గిందనిపిస్తే, లేదా అసలు తిరగడం లేదనిపిస్తే, రాత్రి రెండు గంటలైనా సరే ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్లవారేదాకా ఆగకూడదు. ఆన్‌లైన్లో తెప్పించుకున్న చేతి డాప్లర్‌తోనో, ఫోన్లో వేసుకున్న యాప్‌తోనో గుండె చప్పుడు విని, "బాగానే ఉందిలే" అనుకుని పడుకోకూడదు. చప్పుడు వినిపించిందని ఆగిపోయిన ఇళ్లలోనూ బిడ్డలు కడుపులోనే పోయారు.

ఈ చేతి డాప్లర్లు ఇప్పుడు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. సీమంతానికి కానుకగా ఇచ్చేవాళ్లున్నారు. కొడుకూ కోడలూ అమెరికాలో ఉంటే ఆ గుండె చప్పుడు వాట్సాప్‌లో ఇక్కడి నాయనమ్మకు చేరుతుంది, ఆమె చుట్టుపక్కల వాళ్లందరికీ వినిపిస్తుంది. ఆ సంతోషాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. భయం ఎక్కడంటే, సంతోషం కోసం కొన్న ఆ వస్తువు ఒక చెడ్డ రాత్రి డాక్టరు స్థానంలో కూర్చుంటుంది. తల్లి మనసు కీడు శంకిస్తుంది. పక్కనున్నవాళ్లు మిషన్ తీసి పొట్టమీద పెడతారు. టక టక మని వినిపిస్తుంది, తెరమీద 138 అని అంకె పడుతుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ బిడ్డకు మిగిలిన కాస్త సమయం అక్కడే కరిగిపోవచ్చు.

ఆ మిషన్ ఏం చేస్తుందో తెలుసుకుంటే ఈ ప్రమాదం అర్థమవుతుంది. అది చెవికి అందని ధ్వని తరంగాలను పొట్టలోకి పంపుతుంది. కదిలేదానికి తగిలి వెనక్కి వచ్చేటప్పుడు ఆ తరంగాల పౌనఃపున్యం మారుతుంది. ఆ మార్పునే మిషన్ చప్పుడుగా వినిపిస్తుంది. కదిలింది బిడ్డ గుండేనా, వేరే ఏదైనానా అన్నది దానికి తెలియదు. గర్భిణి పొట్టలో కదిలేవి చాలా ఉంటాయి. గర్భసంచికి రక్తం తెచ్చే నాళాలున్నాయి, మాయలో ప్రవాహం ఉంది, తల్లి పెద్ద రక్తనాళం ఉంది. వీటన్నిటికీ చప్పుడుంది, లయ ఉంది. ఆ లయ తల్లిది.

పుట్టబోయే బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. తల్లి నాడి 70, 80 ఉంటుంది కాబట్టి తేడా తెలిసిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కానీ బిడ్డ కదలడం లేదని భయపడుతున్న తల్లి నాడి 70 దగ్గర ఉంటుందా? 110, 120 సులువుగా దాటుతుంది. జ్వరం ఉన్నా అంతే, రక్తహీనత ఉన్నా అంతే. ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లి నాడిలో ఒక్కో కొట్టుకోవడాన్ని మిషన్ రెండుగా లెక్కపెట్టే సందర్భాలుంటాయి. అప్పుడు తల్లి 70 కాస్తా తెరమీద 140 అవుతుంది. ఆసుపత్రుల్లోని పెద్ద మిషన్లు కూడా ఈ పొరపాటు చేస్తాయి. అందుకే శిక్షణ ఉన్న నర్సు ఒక చేత్తో డాప్లర్ పట్టుకుని రెండో చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి చూస్తుంది. రెండూ ఒకే వేగంతో ఉంటే తాను వింటున్నది బిడ్డ గుండె కాదని ఆమెకు వెంటనే అనుమానం వస్తుంది. ఇంట్లో ఆ రెండో చెయ్యి ఎవరిది?

సరే, వినిపించింది నిజంగా బిడ్డ గుండే అనుకుందాం. అప్పుడు కూడా ధైర్యపడడానికి లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అందుకే వివరంగా చెబుతాను. మాయ నుంచి అందే ప్రాణవాయువు తగ్గడం మొదలైతే బిడ్డ శరీరం ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటుంది. రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది, కాళ్లూ చేతులూ ఆడించడం తగ్గిస్తుంది. కదలిక తగ్గడమంటే ఆ పొదుపు మొదలైందేమోనని అనుమానించాలి. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. చివరిదాకా నిలబడేది అదే. కాబట్టి చప్పుడు వినిపించిందంటే బిడ్డ ఆ నిమిషాన బతికి ఉందని మాత్రమే తెలుస్తుంది. వీధిలోంచి చూసి ఇంట్లో దీపం వెలుగుతోందని లోపలివాళ్ల క్షేమం చెప్పలేనట్టే, చప్పుడు విని బిడ్డ క్షేమం చెప్పలేం.

బ్రిటన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. నెలలు నిండబోతున్న ఒక తల్లి కదలిక తగ్గిందని గమనించింది. ఇంట్లో ఉన్న డాప్లర్‌తో విని, వినిపించిందని నమ్మి ఆగింది. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ లేదు. ఆమెను చూసిన వైద్యులు 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి రాశారు. ఆమె విన్నది తన నాడినో, మాయలో రక్తప్రవాహాన్నో అయి ఉంటుందని వాళ్ల అంచనా. ఆ దేశంలో 'కిక్స్ కౌంట్' అనే స్వచ్ఛంద సంస్థ ఈ మిషన్లను ఇళ్లకు అమ్మకూడదని ఏళ్లుగా పోరాడుతోంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2014 డిసెంబరులో ఇలాంటి డాప్లర్లను వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇంట్లో వాడొద్దని ప్రజలను హెచ్చరించింది. అల్ట్రాసౌండ్ కణజాలాన్ని కొద్దిగా వేడెక్కించగలదని, అవసరం లేకుండా గంటల తరబడి పొట్టమీద పెట్టి వినడం మంచిది కాదని అందులో చెప్పింది. అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్‌లో ఉన్న మన ఆడపిల్లల్లో చాలామందికి పక్కన అమ్మ ఉండదు, పురుటికి పెద్దవాళ్లు చేరేసరికి నెలలు నిండిపోతాయి. అలాంటి ఒంటరితనంలో మిషన్‌ను నమ్ముకోవడం ఇంకా తేలిక. వాళ్లకు ఈ మాట ఇక్కడి నుంచే చెప్పండి.

ఇక మన ఇళ్లలో వినిపించే మాటలు. "నెలలు నిండాక లోపల చోటు చాలదమ్మా, బిడ్డ కదలదు." "ఉదయం నుంచి నువ్వేం తినలేదు, అందుకే." "నీది ముందువైపు మాయ, తెలియదులే." "నా కాన్పప్పుడూ ఇలాగే అయింది, ఏమైంది?" ఇవి చెప్పే అత్తలూ వదినలూ ప్రేమతోనే చెబుతారు. కానీ మొదటి మాట పూర్తిగా తప్పు. నెలలు నిండేకొద్దీ కదలిక తీరు మారుతుంది. తన్నడం తగ్గి దొర్లినట్టు, నెట్టినట్టు అనిపించవచ్చు. కానీ కదలిక మాత్రం తగ్గిపోకూడదు. నొప్పులు మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా, బిడ్డ కదులుతూనే ఉండాలి. మాయ ముందువైపు ఉంటే మొదట్లో కదలిక తెలియడం ఆలస్యం కావచ్చు. నిన్నటిదాకా తెలిసింది ఇవాళ తెలియకపోతే దానికి మాయను కారణంగా చెప్పకూడదు.

ఎన్నిసార్లు కదలాలి అని అడుగుతారు. మన ఆసుపత్రుల్లో పది కదలికల లెక్క చెబుతుంటారు. లెక్క రాసుకుంటే మంచిదే. అయితే బిడ్డలందరికీ సరిపోయే అంకె ఏదీ లేదు. ఒక బిడ్డ రాత్రి భోజనం కాగానే అల్లరి మొదలుపెడుతుంది, ఒక బిడ్డ తెల్లవారుజామున లేస్తుంది. ఇరవై ఎనిమిది వారాలకల్లా తన బిడ్డ తీరు తల్లికి తెలిసిపోతుంది. ఆ తీరు మారిందా అన్నదే ప్రశ్న. పనుల హడావిడిలో గమనించలేదేమోనన్న సందేహం ఉంటే, అన్నీ పక్కనపెట్టి ఎడమ పక్కకు తిరిగి పడుకుని, మనసంతా పొట్టమీదే పెట్టాలి. బిడ్డ నిద్రపోయినా సాధారణంగా ఇరవై నుంచి నలభై నిమిషాల్లో లేస్తుంది, గంటన్నర దాటడం అరుదు. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే ఇక ఆలోచన వద్దు. రెండు గంటలూ ఆగి తీరాలని కూడా కాదు, మనసు ఒప్పకపోతే అరగంటకే లేవండి. అసలు కదలడమే లేదనిపిస్తే ఈ పడుకుని చూడడం కూడా వద్దు. చల్లటి నీళ్లు తాగి చూడు, తీపి తిని చూడు అనే చిట్కాలతో గంటలు గడపొద్దు.

ఆలస్యానికి మన దగ్గర ఇంకా కారణాలున్నాయి. అమావాస్య రాత్రి గడప దాటించరు. మంగళవారమని ఆపుతారు. భర్త ఊళ్లో లేడని, వచ్చాక వెళ్దామంటారు. అన్నిటికంటే ప్రమాదకరమైంది, "నిన్ననే కదా చూపించాం, అన్నీ బాగున్నాయన్నారు" అనే మాట. నిన్నటి పరీక్ష నిన్నటి సంగతే చెబుతుంది. ఉన్నట్టుండి మాయ ఊడడం మొదలైతే, బొడ్డుతాడు నొక్కుకుపోతే, నిన్నటి కాగితం ఇవాళ పనికిరాదు. బీపీ, షుగరు, రక్తహీనత ఉన్నవాళ్లు, బిడ్డ బరువు తక్కువని స్కానింగులో చెప్పించుకున్నవాళ్లు, ఇదివరకు కడుపులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఈ విషయంలో క్షణం కూడా మొహమాటపడకూడదు.

ఆసుపత్రికి వెళ్తే ఏం చేయాలి? గదిలోకి పిలిచి, ఓసారి డాప్లర్ పెట్టి, చప్పుడు వినిపించి, "బాగుంది, ఇంటికెళ్లండి" అంటే అది పరీక్ష కింద లెక్కకు రాదు. ఇంట్లో చేసిందే అక్కడా చేసినట్టు. కదలిక తగ్గిందని వచ్చిన తల్లికి, ఇరవై ఎనిమిది వారాలు దాటి ఉంటే, ఎన్‌ఎస్‌టీ (నాన్ స్ట్రెస్ టెస్ట్) తీయాలి. పొట్టకు రెండు బెల్టులు కట్టి, ఒకదానితో బిడ్డ గుండె వేగాన్ని, ఇంకోదానితో గర్భసంచి బిగుసుకోవడాన్ని కనీసం ఇరవై నిమిషాలు కాగితం మీద గీతగా గీయిస్తారు. డాక్టరు చూసేది ఒక్క అంకెను కాదు, ఆ గీత నడకను. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండె వేగం క్షణక్షణం కాస్త పైకీ కిందికీ ఊగుతుంది, 5 నుంచి 25 దాకా తేడా ఉంటుంది. బిడ్డ కదిలినప్పుడు వేగం పెరుగుతుంది. ముప్పై రెండు వారాలు దాటాక ఇరవై నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 15 చొప్పున పెరిగి 15 సెకన్లు నిలిస్తే మంచి సూచన. గీత 140 దగ్గరే ఊగకుండా బల్లపరుపుగా సాగితే, మధ్యలో వేగం పడిపోయి నెమ్మదిగా తేరుకుంటుంటే, అది ప్రమాదం. చేతి డాప్లర్ తెరమీద ఈ ఇద్దరు బిడ్డలకూ కనిపించే అంకె ఒకటే: 140.

బల్లపరుపు గీత అన్నిసార్లూ చెడ్డది కాదు. బిడ్డ నిద్రలో ఉండవచ్చు. అప్పుడు ఇంకో ఇరవై నిమిషాలు చూస్తారు. అనుమానం తీరకపోతే స్కానింగులో బిడ్డ కదలిక, ఊపిరి కదలిక, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తప్రవాహం చూస్తారు. అంతా బాగుంటే నిశ్చింతగా ఇంటికి రావచ్చు. కదలిక తగ్గిందని వెళ్లిన తల్లుల్లో ఎక్కువమంది అలాగే తిరిగొస్తారు. మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి. రెండోసారి, మూడోసారి వచ్చిన తల్లిని విసుక్కునే సిబ్బందికి ఒక మాట. పదేపదే కదలిక తగ్గడమే ఒక లక్షణం. ఆ తల్లి కేసు షీటు ఇంకా శ్రద్ధగా చూడాల్సింది మీరే.

ఇదే ఊపులో ప్రైవేటు ఆసుపత్రులకు కూడా చెప్పాలి. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి వారం వారం ఎన్‌ఎస్‌టీ తీసి బిల్లులో కలపడం వల్ల బిడ్డలు ఎక్కువగా దక్కుతారన్న రుజువు లేదు. పైగా మామూలు గీతను తప్పుగా చదివితే అవసరం లేని ఆపరేషన్ వెంటపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. "బిడ్డ గుండె తగ్గుతోంది" అన్న మాటను ఇష్టం వచ్చినట్టు వాడితే, నిజంగా తగ్గిన రోజున జనం నమ్మరు. నమ్మని కుటుంబం సంతకం పెట్టడానికి ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. ఆ నమ్మకాన్ని కాపాడుకోవలసిన బాధ్యత వైద్యులదే.

గుండె వేగాన్ని బట్టి ఆడో మగో చెబుతామనేవాళ్ల మాట వినకండి. 140 దాటితే ఆడపిల్ల అన్నది ఉత్త కట్టుకథ. లింగ నిర్ధారణ 1994 చట్టం కింద నేరం కూడా.

ఇక కాన్పు గది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 20 లక్షల మంది బిడ్డలు ఏడో నెల నిండాక, పుట్టేలోపే చనిపోతున్నారు. వాళ్లలో 40 శాతానికి పైగా నొప్పులు మొదలయ్యాక పోతున్నవాళ్లే. అంటే తల్లి చాలాసార్లు ఎవరో ఒకరి కళ్ల ముందు ఉండగానే. 2019లో మన దేశంలో ఇలా పోయినవాళ్లు సుమారు 3.4 లక్షలు. ఏ దేశంలోనూ ఇంతమంది పోలేదు.

నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుసుకుని మాయకు రక్తం తగ్గుతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలో బిడ్డ తేరుకుంటుంది. నొప్పుల సెలైన్ వేగంగా పెడితే, లేదా ఇంట్లో ఎవరో ఆర్ఎంపీ చేత నొప్పుల ఇంజెక్షన్ వేయిస్తే, ఆ విరామం పోతుంది. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తే బిడ్డకు ఊపిరాడే వ్యవధి ఉండదు. ఆ మందు ఎక్కించేటప్పుడు బిడ్డ గుండెను వినే మనిషి పక్కన లేకపోతే ఆ సీసా తగిలించే అర్హత ఆ ఆసుపత్రికి లేదు. గ్రామాల్లో ఇంటి దగ్గర ఆ ఇంజెక్షన్ వేసేవాళ్లను, వేయించేవాళ్లను ఆపండి. ఊరంతా పూనుకునైనా ఆపండి.

మామూలు కాన్పుకు ఖరీదైన మిషన్ అక్కర్లేదు. నిరంతరం మిషన్ తగిలించి ఉంచితే పుట్టాక ఫిట్స్ వచ్చే బిడ్డల సంఖ్య తగ్గినా, మరణాలు గానీ సెరిబ్రల్ పాల్సీ గానీ తగ్గలేదని, సిజేరియన్లు మాత్రం పెరిగాయని పరిశోధనలు తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది కూడా అదే: చేతి డాప్లర్‌తోనో, 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పినార్ పేరు మీద వాడుకలో ఉన్న గొట్టంతోనో వింటే చాలు. కానీ వినాల్సినట్టు వినాలి. నొప్పులు జోరందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, విన్నప్పుడల్లా కనీసం ఒక నిమిషం పాటు, నొప్పి సాగుతుండగానూ అది తగ్గాక కాసేపూ వినాలి. డాప్లర్ వినడం తెలిసిన చేతిలో ప్రాణరక్షణ పరికరమే. నా అభ్యంతరం ఆ చెయ్యి లేని చోట దాన్ని నమ్మడం మీదే.

ఇప్పుడు ప్రభుత్వాలు జవాబు చెప్పాలి. ఒక్క నర్సు నలుగురు తల్లులను చూసుకునే కాన్పు గదిలో 5 నిమిషాలకోసారి ఎవరు వింటారు? వినకుండానే, కాన్పు అయ్యాక కూర్చుని చార్టులో 140, 142, 138 అని నింపే అలవాటు ఎక్కడ ఉన్నా అది బిడ్డల ప్రాణాలతో ఆడుకోవడమే. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. అది మంచి దారి. ఆ శిక్షణ పొందినవాళ్లను వేరే వార్డులకు తిప్పకుండా కాన్పు గదిలోనే ఉంచాలి, రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ల సంఖ్య పెంచాలి. ఏరియా ఆసుపత్రి దాకా ఎన్‌ఎస్‌టీ మిషన్ ఉండడమే చాలదు. అందులో కాగితం ఉండాలి, రాత్రిపూట ఆ కాగితం చదవగలిగిన మనిషి ఉండాలి. కదలిక తగ్గిందని వచ్చిన గర్భిణిని ఓపీ చీటీ వరుసలో నిలబెట్టకుండా నేరుగా కాన్పు గదికి పంపాలని ప్రతి గేటు దగ్గరా రాసి పెట్టాలి. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో రోడ్డు దాకా డోలీ మోయాల్సిన ఊళ్లున్నాయి. అక్కడ కదలిక తగ్గాక బయలుదేరితే ఆలస్యమే. నెలలు నిండకముందే ఆ తల్లులను ఆసుపత్రికి దగ్గరగా, వసతి గృహాల్లో ఉంచాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షల రోజున, బీపీ, బరువు చూసినట్టే, "బిడ్డ కదలిక తగ్గితే ఏం చేస్తావమ్మా?" అని ప్రతి తల్లినీ అడిగి జవాబు చెప్పించుకోవాలి.

కుటుంబాలు ఇవాళే చేయాల్సినవి కొన్ని. మీ ఆసుపత్రి కాన్పు గది ఫోన్ నంబరు గర్భిణి ఫోన్లోనే కాదు, ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. రాత్రివేళ బండి ఎవరిదో ముందే మాట్లాడి ఉంచండి. దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. ఆశా కార్యకర్తకు ఒక కబురు పెట్టండి. ఆసుపత్రికి చేరగానే "కడుపులో నొప్పిగా ఉంది", "నీరసంగా ఉంది" అంటూ మొదలుపెట్టకుండా, "బిడ్డ కదలిక తగ్గింది" అన్నదే మొదటి మాటగా చెప్పండి. ఎప్పటి నుంచో చెప్పండి. డాప్లర్ పెట్టి విని పంపేయబోతే, ఎన్‌ఎస్‌టీ తీయమని అడగండి. ఆ ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడుందో అడిగి అటే వెళ్లండి.

ఇంట్లో ఇప్పటికే చేతి డాప్లర్ కొని ఉంటే దాన్ని ఈ రోజే పక్కన పెట్టేయండి. కాన్పు అయ్యాక చెల్లెలికనో తోటికోడలికనో దాచి ఇవ్వకండి, పాత వస్తువుల యాప్‌లో అమ్మకండి.